ఈసీలో ఏమీ లేని పాత మండువా ఇల్లు: ఎవరు కట్టారో, ఎవరున్నారో ఎలా తెలుసుకోవాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. కోనసీమలో మీ తాతగారి ఊళ్లో మండువా లోగిలి ఉంది. వారసులందరూ కలిసి అమ్మేస్తున్నారు, కొన్నవాళ్లు పడగొట్టేస్తారు. ఈలోగా ఆ ఇల్లు ఎవరు కట్టించారో, అందులో ఎవరెవరు కాపురం ఉన్నారో రాసిపెట్టుకోవాలని మీ కోరిక. ఆన్‌లైన్లో ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, అంటే ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం) తీస్తే ఒక్క లావాదేవీ కూడా రాలేదు. సింహద్వారం మీద "పార్థివ నామ సంవత్సర వైశాఖ శుద్ధ" వరకు కనిపిస్తోంది, మిగతాది రంగుల కింద పూడిపోయింది. పెంకు మీద 1865 అని ఉంది కాబట్టి ఇల్లు ఆ ఏడాదిదేనని మీ బాబాయిగారి వాదన.

తెలుసుకోవచ్చు. అయితే మీ ఇంటి కాగితాల్లో దొరికేదానికన్నా చుట్టుపక్కల ఇళ్ల దస్తావేజుల్లో దొరికేది ఎక్కువ. ఇక ఏడాది సంగతి: 1865 కాదు. 1885 కావడానికే ఎక్కువ అవకాశం, 1945ను కూడా కొట్టిపారేయలేం. ఎందుకో కింద చెబుతాను. గోదావరి జిల్లాల్లో దస్తావేజులు రాస్తూ, లింకు కాగితాలు (అంతకు ముందరి యజమానుల దస్తావేజులు) వెతుకుతూ బతికినవాణ్ణి, ఆ అనుభవంతోనే రాస్తున్నాను.

ముందు ఈసీ గురించి. ఆన్‌లైన్లో వచ్చేది 1983 నుంచే. అంతకు ముందువి కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దరఖాస్తు పెట్టి పాత వాల్యూముల్లో వెతికించాలి. అయినా ఈసీ ఖాళీగా ఉందని కంగారు పడనక్కర్లేదు. తండ్రి పోతే కొడుక్కి, కొడుకు పోతే మనవడికి వచ్చే ఇంటికి కాగితమే పుట్టదు. అన్నదమ్ములు పెద్దమనుషుల ముందు నోటిమాటగా పంచుకున్నా పుట్టదు. అమ్మితేనో, తనఖా పెడితేనో, పంపకాలు రిజిస్టరు చేయించుకుంటేనో ఈసీలోకి ఎక్కుతుంది. కాబట్టి ఖాళీ ఈసీ కూడా ఒక సమాచారమే: 1983 తర్వాత ఆ ఇల్లు రిజిస్టరు దస్తావేజు మీద చేతులు మారలేదన్నమాట.

రెండో చిక్కు గ్రామకంఠం. పొలానికైతే సర్వే నంబరు, ఆర్.ఎస్.ఆర్. (రీసర్వే రిజిస్టరు), అడంగల్ (సాగు లెక్క), ఎఫ్.ఎం.బి. (కొలతల పటాల పుస్తకం) ఉంటాయి. ఊరి నివాస స్థలం మొత్తం మాత్రం పాత రికార్డుల్లో గ్రామకంఠం పేరుతో గంపగుత్తగా ఉంటుంది, అందులో ఏ ఇల్లు ఎవరిదో రెవెన్యూవాళ్లు రాయలేదు. స్వామిత్వ పథకం 2020లో మొదలయ్యాకే ఊళ్లలో ఇళ్ల స్థలాలను విడివిడిగా కొలిచి కార్డులివ్వడం వచ్చింది. అది ఇప్పటి హక్కుదారుణ్ణి చెబుతుంది గానీ మీ ముత్తాతను చెప్పదు. అందుకే తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరిగి ఉత్త చేతులతో వచ్చినవాళ్లను చాలామందిని చూశాను.

మరి పాత దస్తావేజులో ఇంటిని ఎలా గుర్తుపట్టేవాళ్లు? హద్దులతో. "తూర్పు: రాజవీధి. దక్షిణం: ఫలానా వెంకయ్య గారి పెరటి గోడ. పశ్చిమం: నడక దారి. ఉత్తరం: ఫలానా సుబ్బమ్మ గారి దొడ్డి." మీ ఇల్లు వందేళ్లలో ఒక్కసారి కూడా అమ్ముడుపోకపోవచ్చు. దానికి నాలుగు వైపులా ఉన్న ఇళ్లు, దొడ్లు మాత్రం అమ్ముడుపోతాయి, తాకట్టు పడతాయి, పంపకాలకు వస్తాయి. అలా వచ్చిన ప్రతిసారీ ఆ కాగితంలో మీ ఇల్లు ఒక హద్దుగా, ఆనాటి ఇంటి యజమాని పేరుతో నమోదవుతుంది. దక్షిణం వైపు ఇంటి లింకు దస్తావేజులు మూడు దొరికాయనుకోండి, ఒకదాంట్లో మీ ముత్తాత పేరు, తర్వాతదాంట్లో ఆయన భార్య పేరు, మరోదాంట్లో "వారసుల ఇల్లు" అని కనబడితే, ఏ రెండేళ్ల మధ్య ఎవరు పోయారో కూడా తేలిపోతుంది. నేను ఏ ఇంటి చరిత్ర మొదలుపెట్టినా ముందు కాగితం మీద ఆ ఇంటి నాలుగు దిక్కులూ గీసుకుని, పక్కవాళ్ల దగ్గరున్న దస్తావేజుల్లోంచి హద్దుల పేరా ఒక్కటే ఫొటో తీసుకుంటాను. డబ్బు వివరాల జోలికి వెళ్లను. అలా అడిగితే కాదనేవాళ్లు తక్కువ.

పక్కవాళ్లు చూపించకపోతే రిజిస్ట్రార్ ఆఫీసే గతి. ఇక్కడ చట్టం మీవైపే ఉంది. 1908 రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం స్థిరాస్తి దస్తావేజుల నకళ్లుండే ఒకటో పుస్తకాన్నీ దాని ఇండెక్సులనూ రుసుము కట్టి ఎవరైనా చూడొచ్చు, నకలు తీసుకోవచ్చు. వీలునామాలుండే మూడో పుస్తకానికి మాత్రం షరతు ఉంది: రాసినవాళ్లు బతికున్నంత కాలం వాళ్లకూ వాళ్ల ఏజెంట్లకూ తప్ప ఇవ్వరు, పోయాక ఎవరడిగినా ఇవ్వొచ్చు. ఇండెక్సుల్లో ఒకటోది మనుషుల పేర్ల మీద, రెండోది ఆస్తి మీద ఉంటుంది. అందరూ పేర్ల ఇండెక్సు అడుగుతారు. మీరు రెండోది అడగండి. మీ ఊరి పేరు కింద ఆయా సంవత్సరాల్లో జరిగిన లావాదేవీలు వరసగా కనిపిస్తాయి. చిన్న ఊరైతే ఏడాదికి ఇళ్ల తాలూకువి నాలుగైదుకు మించవు. ఒక్క సలహా: మార్కెట్ విలువలు పెంచబోతున్నారన్న వార్త వచ్చిన రోజుల్లో వెళ్లకండి, ఆఫీసులో కాలు పెట్టే సందుండదు.

ఎంత వెనక్కి వెళ్లొచ్చు? మన వైపు కొన్ని దస్తావేజుల రిజిస్ట్రేషన్ తప్పనిసరి అయింది 1864 చట్టంతో. ఇప్పటికీ నడుస్తున్నది 1908 చట్టం. కానీ వంద రూపాయల లోపు విలువకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. ఆ రోజుల్లో చిన్న ఇల్లు వంద లోపే అమ్ముడుపోయేది. అందుకే మీ మండువా ఇంటికి పనికొచ్చే ఈ దారి, దాని వెనక గుడిసెలో తరాలపాటు ఉన్న పాలేరు కుటుంబానికి పనికిరాదు. వాళ్ల చరిత్ర ఎక్కడ దొరుకుతుందో తర్వాత చెబుతాను.

జిల్లా పేర్ల దగ్గర చాలామంది తప్పుతారు. మీ ఊరు 2022 ఏప్రిల్ నుంచి కోనసీమ జిల్లా, అంతకు ముందు 1925 దాకా వెనక్కి వెళ్తే తూర్పు గోదావరి, 1859 నుంచి 1925 వరకు గోదావరి జిల్లా, దానికి ముందు రాజమండ్రి జిల్లా. మండలాలు 1985లో వచ్చాయి. అంతకు ముందు కాగితాల్లో తాలూకా పేరు పెట్టి వెతకాలి, అంటే మీకు అమలాపురమో రాజోలో. గోదావరికి ఆవలి ఒడ్డున ఉన్నవాళ్లకు ఇంకో మెలిక: ఏలూరు, తణుకు, భీమవరం తాలూకాలు 1904 దాకా గోదావరి జిల్లాలో, ఆ తర్వాత 1925 దాకా కృష్ణా జిల్లాలో ఉన్నాయి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుల పరిధులూ ఇలాగే మారాయి. "మా దగ్గర లేవు" అని ఒక ఆఫీసు అంటే, మీ ఊరు అంతకు ముందు ఏ ఆఫీసు కింద ఉండేదో అడిగి అక్కడికి వెళ్లండి.

మీ ఊరు అగ్రహారమైతే ఇంకో దారి ఉంది. 1858లో వేసిన ఇనాం కమిషన్ 1860 ప్రాంతంలో తయారుచేసిన ఇనాం ఫెయిర్ రిజిస్టర్లలో, ఇనాం (మాన్యంగా ఇచ్చిన భూమి) మొదట ఎవరికిచ్చారు, అప్పటి అనుభవదారు వాళ్లకు ఏమవుతాడు అన్నవి కాలమ్‌ల వారీగా ఉంటాయి. ఇంటి గురించి ఒక్క ముక్క ఉండదు. కానీ వంశవృక్షంలో మీకు తెలిసిన చివరి పేరుకు పైన రెండు మూడు తరాలు దొరకొచ్చు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలపు పాత రికార్డులు చాలావరకు చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. కంపెనీ కాలపు సర్వే అధికారి మెకంజీ సేకరించిన కైఫీయత్తుల్లో (ఊళ్ల చరిత్రల్లో) మీ ఊరు ఉంటే సరదాగా చదువుకోండి గానీ వాటిలో ఇల్లు వెతకొద్దు. అవి గుళ్లు, మాన్యాలు, పాలించినవాళ్ల కథలు.

ఇప్పుడు మీ ద్వారబంధం. సంవత్సరాల పేర్లు అరవై ఏళ్లకోసారి తిరిగి వస్తాయి. పార్థివ 1825, 1885, 1945, 2005లలో వచ్చింది. వైశాఖం అన్నారు కాబట్టి ఏప్రిల్, మే నెలలు. పుష్యమో మాఘమో అయ్యుంటే ఇంగ్లీషు క్యాలెండర్లో మరుసటి ఏడాదిలో పడేది, అది గుర్తుంచుకోండి. 1825ను పక్కన పెట్టడానికి నా కారణం ఇది: ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. డెల్టా పొలాలకు కాలవ నీళ్లొచ్చి, వరి డబ్బు చేతిలో ఆడాకే ఇంత పెద్ద లోగిళ్లు ఎక్కువగా లేచాయి.

1885కూ 1945కూ మధ్య తేల్చేది కలప. మీరు పెట్టిన ఫొటోల్లో స్తంభాలు, దూలాలు అన్నీ బర్మా టేకని మీ ఇంట్లో చెప్పుకుంటారని రాశారు. 1942లో జపాన్ బర్మాను ఆక్రమించింది. 1945 మే నెలలో రంగూన్ అప్పుడప్పుడే తిరిగి బ్రిటిష్‌వాళ్ల చేతికొచ్చింది. ఆ వైశాఖంలో ఇంటికి సరిపడా కొత్త బర్మా కలప తెప్పించి ద్వారబంధం ఎత్తడం దాదాపు జరగని పని. పైగా యుద్ధకాలపు కంట్రోళ్లలో సిమెంటు, ఇనుము పర్మిట్ల మీదే దొరికేవి. 1885లో అలాంటి ఇబ్బంది లేదు. ఒక్క అనుమానం మిగులుతుంది: పాత ఇల్లు విప్పి ఆ కలపతోనే 1945లో కొత్తది కట్టి ఉండొచ్చు. దీన్ని కళ్లతో తేల్చుకోవచ్చు. దూలాల మీద ఇప్పుడు ఏమీ బిగించని చోట పాత కన్నాలు, గాడులు, మేకుల గుర్తులు ఉన్నాయేమో చూడండి. ఉంటే ఆ కలప వేరే ఇంటి నుంచి వచ్చింది. గోడలో గానుగ సున్నమా, సిమెంటా అన్నది కూడా చూడండి. అయితే తర్వాత చేసిన గిలాబా చూసి మోసపోవద్దు, ఎక్కడైనా పెచ్చు ఊడిన చోట లోపలి పొర చూడాలి.

పెంకు మీద 1865 గురించి మీ బాబాయిగారికి నొప్పి కలగకుండా చెప్పండి. బాసెల్ మిషన్ అనే స్విట్జర్లాండ్ క్రైస్తవ మిషనరీ సంస్థవాళ్లు మంగుళూరులో పెంకుల ఫ్యాక్టరీ పెట్టిన ఏడాది అది. దాన్ని వాళ్లు అచ్చులో వేసుకున్నారు, కాబట్టి తర్వాత దశాబ్దాల్లో చేసిన పెంకు మీదా 1865 అనే ఉంటుంది. దీన్ని పట్టుకుని తమ ఇల్లు 1865దని రాతిపలక చెక్కించుకున్న కుటుంబాలు నాకు తెలుసు. అయినా ఆ పెంకు పనికిరానిది కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో మిషన్ ఆస్తులను ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది, 1919లో కామన్వెల్త్ ట్రస్ట్ ఏర్పడి ఫ్యాక్టరీలు దాని కిందికి వెళ్లాయి. కాబట్టి బాసెల్ మిషన్ పేరున్న పెంకు ఆ యుద్ధానికి ముందుదని దాదాపు ఖాయంగా అనుకోవచ్చు. మీ 1885 లెక్కకు ఇది బలమే. కాకపోతే పెంకు చెప్పేది కప్పు వయసు. 1996 నవంబరు తుపానుకు కోనసీమలో ఎన్ని కప్పులు లేచిపోయాయో మీకు తెలిసే ఉంటుంది. అందుకని నాలుగు వాలుల నుంచీ తలా రెండు పెంకులు దింపించి అడుగువైపు చూడండి. ఇనప దూలం ఎక్కడైనా ఉంటే దానిమీద ఉబ్బెత్తు అక్షరాలు చదవండి. టాటా అని ఉంటే ఆ భాగం 1912కు ముందుది కాదు, ఎందుకంటే జంషెడ్‌పూర్‌లో మొదటి ఉక్కు దిగింది ఆ ఏడాదే.

ఇంతకన్నా నాకు ముఖ్యమనిపించేది ఇంటి లోపలి గోడలు. మండువాను మధ్యకు కోస్తూ ఒక సన్నటి గోడ, రెండు వంటిళ్లు, పెరట్లో రెండో నుయ్యి, వీధివైపు తర్వాత కొట్టించినట్టున్న రెండో గుమ్మం: ఇవి కనబడితే అక్కడ అన్నదమ్ముల పంపకం జరిగినట్టే. నేను చూసిన ఒక ఇంట్లో ఆ గోడ మండువా మధ్యలో కాకుండా ఒక పక్కకు జరిగి ఉంది. ఎందుకో ఇంట్లో ఎవరికీ తెలియదు. చివరికి పంపకాల దావాలో అడ్వకేట్ కమిషనర్ (ఇల్లు చూసి రమ్మని కోర్టు పంపిన వకీలు) ఇచ్చిన నివేదిక, ప్లాను దొరికాయి. తల్లి మనోవర్తి కింద ఒక గది ఆమె బతికున్నంతకాలం అనుభవించేలా పెద్ద కొడుకు వాటాలో వేశారు, గోడ ఆ గది చుట్టూ తిరిగింది. మీ కుటుంబంలో ఎప్పుడైనా దావా నడిచిందని వింటే ఆ ఓ.ఎస్. నంబరు (సివిల్ దావా నంబరు) కోసం ఎంతైనా తిరగండి. ఏ గది ఎంత పొడవు, ఎన్ని స్తంభాలు, గాదె ఎక్కడ, ఎవరు ఏ గదిలో ఉంటున్నారు అన్నది కమిషనర్ రాసినంత వివరంగా ఇంకెవరూ రాయరు. పాత కేసుల కాగితాలు కొంతకాలానికి తీసేస్తారు గానీ తీర్పు, డిక్రీ ఎక్కువ కాలం ఉంచుతారు. ఆనాటి వకీలు వారసుల ఇంటి అటక మీద కూడా అడిగి చూడండి.

ఇంటిపేరు మారితే ఇల్లు చేతులు మారిందని వెంటనే తీర్మానించకండి. ఇల్లరికం, దత్తత ఈ రెండూ రికార్డులను తారుమారు చేస్తాయి. దత్తత వెళ్లినవాడు ఒక కాగితంలో పుట్టింటి పేరుతో, మరో కాగితంలో దత్తత ఇంటిపేరుతో కనబడతాడు, మనం ఇద్దరనుకుంటాం. ఇల్లరికం వచ్చిన అల్లుడి తర్వాత తరం మొత్తం వేరే ఇంటిపేరే. ఇలాంటి చోట దస్తావేజు మొదట్లో తండ్రి పేరు, భర్త పేరు రాసే వరసను పట్టుకుని పోవాలి. ఆడవాళ్ల పేర్లు కాగితాల్లోకి వచ్చే సందర్భాలు తక్కువ: పసుపు కుంకుమ కింద ఇచ్చిన ఆస్తి, మనోవర్తి, మైనరు కొడుకు తరఫున గార్డియన్‌గా పెట్టిన సంతకం లేదా వేలిముద్ర. 1956 హిందూ వారసత్వ చట్టం వచ్చాక ఈ పేర్లు పెరిగాయి, 1985 సెప్టెంబరు నుంచి మన రాష్ట్రంలో అప్పటికి పెళ్లికాని ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు వచ్చాక ఇంకా పెరిగాయి. అంతకు ముందు కాలానికి చావు పుట్టుకల రిజిస్టర్లే ఆధారం. మద్రాసు ప్రెసిడెన్సీలో వాటికి 1899 చట్టం ఉండేది, ఊళ్లో గ్రామాధికారులు రాసేవారు. కొన్ని ఊళ్లవి చెదలు పట్టిపోయాయి, కొన్ని ఊళ్లవి ఆశ్చర్యంగా నిక్షేపంలా ఉన్నాయి. పంచాయతీలోనూ తహసీల్దారు ఆఫీసులోనూ రెండుచోట్లా అడగండి.

1984 జనవరిలో కరణం, మునసబు పదవులు రద్దయినప్పుడు చాలా ఊళ్లలో కాగితాలన్నీ అప్పగింతకు రాలేదు. పాత కరణంగారి ఇంట్లో కావిడి పెట్టెలో ఏముందో మర్యాదగా అడిగి చూడటంలో తప్పులేదు. అక్కడ దొరికేవి ఫసలీ (రెవెన్యూ లెక్కల) సంవత్సరాల్లో ఉంటాయి, ఇంగ్లీషు ఏడాది రావాలంటే 590 కలపండి. ఫసలీ 1355 అంటే 1945 జూలై నుంచి 1946 జూన్.

సొంతదారు కాకుండా ఆ ఇంట్లో ఉన్నవాళ్ల సంగతి. ఎందరో పిల్లలు, మేనత్తలు, అద్దెకున్న మేష్టార్లు, పాలేర్లు దస్తావేజుల్లో ఉండరు. వాళ్లకోసం నేను చూసేవి మూడు. పంచాయతీ ఇంటి పన్ను డిమాండ్ రిజిస్టరు: అద్దెదారు పేరు ఒక్కోసారి పక్కన రాసి ఉంటుంది. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు. పాత ఓటర్ల జాబితా: ఇంటి నంబరు వారీగా ఉంటుంది, ఆ గడపలో ఓటున్న పెద్దవాళ్లందరూ ఒకేచోట కనబడతారు. మధ్యలో ఇంటి నంబర్లు మారి ఉంటాయి కాబట్టి పక్కిళ్ల పేర్లతో సరిచూసుకోవాలి. మూడోది బడి అడ్మిషన్ రిజిస్టరు, తండ్రి లేదా సంరక్షకుడి పేరు, వృత్తి అందులో ఉంటాయి. జనాభా లెక్కల కాగితాలు ఇస్తారేమోనని అడక్కండి, 1948 సెన్సస్ చట్టం ప్రకారం ఒక్కో ఇంటి వివరాలు ఎవరికీ చూపించరు. అరుగు మీద వీధిబడో, తపాలా ఆఫీసో నడిచిందని ఎవరైనా చెబితే నమ్మకంగా వినండి, చాలా ఊళ్లలో అవి మొదట ఇలాంటి ఇళ్ల అరుగుల మీదే నడిచాయి.

మనుషుల్ని అడిగేటప్పుడు ఒక జాగ్రత్త. ఇల్లు అమ్మకంలో ఉన్నప్పుడు మీరు వెళ్లి "ఈ ఇల్లు ఎవరిదండీ" అంటే, వాటాకోసం వచ్చారనుకుని నోళ్లు మూతపడతాయి. పాత ఫొటో ఒకటి చేతికిచ్చి "ఇందులో ఎవరెవరున్నారు" అని అడగండి. తుపాను వచ్చిన ఏడాది ఎక్కడ తలదాచుకున్నారు, పెళ్లిపందిరి ఎటు వేసేవారు, పురుడు ఏ గదిలో పోసేవారు లాంటివి అడగండి. మీ ఇంట్లో పనిచేసిన కుటుంబాల పెద్దవాళ్ల దగ్గరికి వాళ్ల ఇంటికే వెళ్లండి, మీ అరుగు మీదికి పిలిపించుకోకండి. మీవాళ్లు మరిచిపోయినవీ, చెప్పకూడదనుకున్నవీ వాళ్లకు గుర్తుంటాయి. బతికున్నవాళ్లకు ఇబ్బంది కలిగించే విషయమైతే రాసుకోండి, బయటపెట్టకండి.

పడగొట్టే తేదీ దగ్గర్లో ఉందన్నారు కాబట్టి ఇంటిదగ్గర చేయాల్సినవి ముందు చేయండి, ఆఫీసుల్లో రికార్డులు ఇల్లు పోయాక కూడా చూడొచ్చు. గదుల కొలతలు, నాలుగు దిక్కుల ఫొటోలు, పెంకుల అడుగు, దూలాల కన్నాలు. ద్వారబంధం మీది రంగును గీకకండి, అక్షరాలు పోతాయి. చీకట్లో టార్చి పక్కనుంచి వాలుగా వేసి ఫొటో తీస్తే రంగు కింద అక్షరాల గుంటలు నీడల్లో తేలతాయి. తిథి, వారం రెండూ చదవగలిగితే పంచాంగ గణనతో 1885నో 1945నో పక్కాగా తేల్చేయొచ్చు, ఆ తిథి ఆ వారం నాడు రెండేళ్లలోనూ పడే అవకాశం తక్కువ. కొనుగోలుదారుతో మాట్లాడి ఆ ద్వారబంధం ఒక్కటి మీరు తీసుకునేలా అమ్మకం ఒప్పందంలోనే రాయించండి. పాత టేకు ద్వారాలకు ఇప్పుడు గిరాకీ ఉంది, నోటిమాట మీద వదిలేస్తే కలప వ్యాపారి లారీ ఎక్కుతుంది.

పాత దస్తావేజులు గొలుసుకట్టు రాతలో ఉంటాయి, మొదట్లో ఒక్క ముక్క అర్థం కాదు. మొదలూ చివరా వదిలేసి హద్దుల పేరా దగ్గర మొదలుపెట్టండి. తూర్పు, దక్షిణం అన్న మాటలు ఎలాగూ తెలుసు కాబట్టి వాటి అక్షరాల తీరు పట్టుబడితే మిగతాది మెల్లగా విడుతుంది. స్టాంపు కాగితం వెనక ఆ కాగితం అమ్మిన స్టాంపు వెండరు రాసిన తేదీ, దాన్ని కొన్నవాళ్ల పేరు కూడా తిప్పి చూడండి. ఎక్కడైనా చిక్కుకుంటే, డబ్బు అంకెలు కప్పేసి ఆ పేరా ఫొటో ఇక్కడ పెట్టండి, చదివి చెబుతాను.